బట్టల మధ్య బ్రేకర్ బాక్స్ ఎందుకు ఉండకూడదు?

"ఒరేయ్, నువ్వు ఈఈఈ కదా. ఇది చూసి చెప్పు" అంటూ నవంబరులో ఒక రాత్రి పన్నెండింటికి అక్క వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఫోటోలో ఓ బట్టల అల్మారా. హ్యాంగర్లకి ఎవరివో కోట్లు, చొక్కాలు వేలాడుతున్నాయి. వాటిని పక్కకి జరిపితే వెనక గోడకి బూడిద రంగు ఇనప పెట్టె ఒకటి కనిపిస్తోంది.

అక్క, బావ టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటారు. ఏడేళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, చివరికి 1968లో కట్టిన ఒక ఇల్లు కొందామని బేరం కుదుర్చుకున్నారు. అక్కడ కొనేముందు ఒక ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి ఇల్లంతా చూపించుకుంటారు. ఆయన ఇచ్చిన రిపోర్టులో కరెంటు భాగం దగ్గర "లోపం ఉంది" అనే గడిలో టిక్కు పెట్టి, "ప్యానెల్ బట్టల క్లోజెట్‌లో ఉంది" అని ఒక్క ముక్క రాశాడు. బేరం వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి ఇంకా ఐదు రోజులే గడువు ఉంది.

"అరవై ఏళ్ళ నుంచి అక్కడే ఉందట, ఏమీ కాలేదట. ఇళ్ళు అమ్మిపెట్టే ఆవిడ అసలు పట్టించుకోవద్దంటోంది. మీ బావేమో ఇల్లే వద్దంటున్నారు. ఆ గది పాపకి ఇద్దామనుకున్నాం. నువ్వేమంటావు?"

నేనేమంటాను? మూడో సంవత్సరం ఈఈఈ. స్విచ్‌గేర్ అండ్ ప్రొటెక్షన్‌లో మంచి మార్కులే వచ్చాయి. సర్క్యూట్ బ్రేకర్‌లో ఆర్క్ ఎలా ఆరుతుందో బొమ్మ వేసి పది మార్కులకి రాయగలను. కానీ ఆ బ్రేకర్‌ని ఇంట్లో ఏ గోడకి పెట్టాలో, ఏ గోడకి పెట్టకూడదో మా సిలబస్‌లో ఎక్కడా లేదు. "రేపు చెప్తానక్కా" అని ఫోన్ పెట్టేసి, ఆ రాత్రి, మర్నాడు ల్యాబ్ ఎగ్గొట్టి చదివిందే ఈ వ్యాసం.

ముందు ఆ పెట్టె సంగతి

మనం మెయిన్ బోర్డు, డీబీ అనేదాన్ని అమెరికాలో బ్రేకర్ ప్యానెల్ అంటారు. పని ఒకటే. బయటి నుంచి వచ్చే కరెంటుని ముక్కలు చేసి ఒక్కో గదికి, ఒక్కో పెద్ద యంత్రానికి పంపుతుంది. ప్రతి ముక్కకీ ఒక బ్రేకర్ కాపలా. అక్కడి ఇళ్ళకి 120, 240 వోల్టులు రెండూ వస్తాయి. దీపాలకి, మామూలు ప్లగ్గులకి 120 వోల్టుల మీద 15 లేదా 20 ఆంపియర్ల బ్రేకర్లు. బట్టలు ఆరబెట్టే డ్రయర్‌కి 240 వోల్టుల మీద 30 ఆంపియర్లది. అన్నిటికీ పైన 100 లేదా 200 ఆంపియర్ల మెయిన్ ఉండటం మామూలు.

ఇక్కడ మనకీ వాళ్ళకీ ఒక పెద్ద తేడా ఉంది. మనది ఇటుక గోడ, సిమెంటు స్లాబు. అక్కడ ఎక్కువ ఇళ్ళు చెక్క ఫ్రేముతో కట్టి, పైన జిప్సం బోర్డు బిగించినవి. మన ఇంట్లో మెయిన్ బోర్డు కాలితే చాలాసార్లు గోడ నల్లబడటంతో ఆగుతుంది. అక్కడ నిప్పు రాజుకుంటే గోడ లోపల చెక్కే ఉంటుంది. అందుకే అక్కడి నిబంధనలు నిప్పు మొదలయ్యే చోటు గురించే ఎక్కువ మాట్లాడతాయి.

క్లోజెట్ అంటే కూడా మన బీరువా లాంటి కదిలే వస్తువు కాదు. గోడలోకి రెండడుగుల లోతున కట్టిన అర. దానికి తలుపులు, లోపల అడ్డంగా ఒక కడ్డీ, పైన ఒక అటక లాంటి పలక ఉంటాయి. మన పాత ఇళ్ళలో గోడ బీరువాలు ఉండేవి చూడండి, వాటికి నిలువెత్తు అన్నయ్య అన్నమాట.

బ్రేకర్ ఉందిగా, ఇంకా భయమెందుకు?

నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. మంటలు రాకుండా చూసేదే బ్రేకర్. పైగా దాన్ని ఇనప పెట్టెలో పెట్టి మూత బిగించారు. దాని పక్కన బట్టలుంటే ఏమిటి?

జవాబు మన ఫస్టియర్ ఫార్ములాలోనే ఉంది: ఐ స్క్వేర్ ఆర్. డ్రయర్ 24 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ప్యానెల్ లోపల దాని వైరు బిగించిన స్క్రూ కొంచెం లూజయింది. ఆ జాయింటు దగ్గర 0.05 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. 24 స్క్వేర్ అంటే 576. దాన్ని 0.05తో గుణిస్తే 28.8 వాట్లు. మన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే పప్పుగింజంత స్క్రూ మీద ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి వదిలేసినట్టు.

ఇప్పుడు బ్రేకర్ ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. దాని రేటింగు 30, పోతున్నది 24. ఓవర్‌లోడ్ లేదు, షార్ట్ సర్క్యూట్ లేదు. లూజ్ కాంటాక్ట్ వల్ల కరెంటు పెరగదు, పైగా ఒక వెంట్రుకవాసి తగ్గుతుంది. మామూలు బ్రేకర్‌కి కరెంటు ఎంతో తెలుస్తుంది గానీ, ఆ కరెంటు ఏ స్క్రూ దగ్గర వేడిగా మారుతోందో తెలియదు. వేడెక్కిన లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది, ఆ ఆటలో స్క్రూ ఇంకా లూజవుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. అక్క చూసిన ఇల్లు కట్టిన కాలంలో, అంటే 1965 నుంచి 1973 వరకూ, రాగి ధర పెరిగి అమెరికాలో చాలా ఇళ్ళకి అల్యూమినియం వైర్లు వేశారు. అల్యూమినియానికి ఈ జబ్బు మరీ ఎక్కువ. వ్యాకోచం ఎక్కువ, పైన పట్టే ఆక్సైడ్ పొర కరెంటుని సరిగ్గా పోనివ్వదు.

రెండో సంగతి ఆర్క్. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు బ్రేకర్ లోపల కాంటాక్టులు విడిపోతాయి. ఆ క్షణంలో వాటి మధ్య ఆర్క్ లేస్తుంది, వేడి వాయువులు బయటికి తన్నుకొస్తాయి. పెట్టె సరిగ్గా మూసి ఉంటే పర్వాలేదు. కానీ పాత ప్యానెల్స్‌కి చాలాసార్లు తలుపు సరిగ్గా పడదు, తీసేసిన బ్రేకర్ స్థానంలో కంత అలాగే ఉంటుంది, వైరు కోసం కొట్టిన చిల్లు మూయరు. ఆ కంతకి రెండంగుళాల దూరంలో ఉన్ని కోటు వేలాడుతుంటే?

మూడోది, తక్కువ ప్రమాదమే గానీ విసిగించేది. మామూలు బ్రేకర్‌లో ఓవర్‌లోడ్‌ని పట్టేది బైమెటల్ పట్టీ. అది వేడికి వంగి ట్రిప్ చేస్తుంది. అమెరికా బ్రేకర్లని 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మన ఎంసీబీలని 30 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేస్తారు. గాలాడని అరలో, బట్టల వెనక, చుట్టూ వేడి అంతకంటే పెరిగితే బ్రేకర్ తన రేటింగుకంటే ముందే ట్రిప్ అవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు చేసే పని మనకి తెలుసు కదా. "ఇది ఊరికే పడిపోతోంది, పెద్దది వెయ్యండి" అంటారు. ఆ పెద్ద బ్రేకర్ వైరుని కాపాడదు.

కోడ్ ఏమంటుంది

అమెరికాలో కరెంటు పనికి పెద్దబాలశిక్ష లాంటి పుస్తకం నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్, ఎన్ఈసీ. మొదటిసారి 1897లో వచ్చింది. 1911 నుంచి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ దీన్ని చూసుకుంటోంది. వాళ్ళ లెక్కలో దీని నంబరు ఎన్ఎఫ్‌పీఏ 70. మూడేళ్ళకోసారి సవరిస్తారు. కరెంటు పుస్తకాన్ని అగ్నిప్రమాదాల సంస్థ నడపడం గమనించారా? దాని ఉద్దేశం అక్కడే తెలుస్తుంది.

ఇది దానంతటది చట్టం కాదు. రాష్ట్రాలు, నగరాలు "ఫలానా సంవత్సరం ఎడిషన్‌ని మేము అమలు చేస్తున్నాం" అని తీసుకున్నప్పుడే చట్టమవుతుంది. కాబట్టి ఒక ఊళ్ళో ఒక ఎడిషన్, పక్క ఊళ్ళో ఇంకో ఎడిషన్ నడవొచ్చు. ఆఖరి మాట స్థానిక ఇన్‌స్పెక్టర్‌ది.

మనకి కావలసిన వాక్యం 240.24(డి)లో ఉంది. దాని సారాంశం ఇది: ఓవర్‌కరెంట్ పరికరాలని, అంటే బ్రేకర్లు, ఫ్యూజులని, సులువుగా అంటుకునే వస్తువుల దగ్గర పెట్టకూడదు, ఉదాహరణకి బట్టల క్లోజెట్లలో. వాక్యం అంతే. కానీ ఇందులో మూడు మాటలు జాగ్రత్తగా చదవాలి.

ఒకటి, నిషేధం "ప్యానెల్" మీద కాదు, "ఓవర్‌కరెంట్ పరికరం" మీద. ఒకే ఒక్క ఫ్యూజున్న చిన్న డబ్బా అయినా సరే, ఇదే నియమం.

రెండు, "మండే" అనలేదు, "సులువుగా అంటుకునే" అన్నారు. చెక్క కూడా మండుతుంది, కానీ దుంగకి నిప్పు పెట్టడం ఎంత కష్టమో భోగిమంట వేసేవాళ్ళకి తెలుసు. గుడ్డకి, కాగితానికి ఆ కష్టం లేదు. వేలాడే గుడ్డకైతే చుట్టూ గాలి, కింది నుంచి పైకి దారి రెండూ సిద్ధంగా ఉంటాయి.

మూడు, "దగ్గర" అన్నారు గానీ ఎన్ని అంగుళాలో చెప్పలేదు. బట్టల క్లోజెట్‌ని ఒక ఉదాహరణగా చూపించి, మిగతాది ఇన్‌స్పెక్టర్ వివేకానికి వదిలేశారు.

ఆ తర్వాతి వాక్యాలు కూడా ఇదే తోవలో వెళతాయి. 240.24(ఇ) ప్రకారం ఇళ్ళలో స్నానాల గదిలో బ్రేకర్లు పెట్టకూడదు. 240.24(ఎఫ్) ప్రకారం మెట్ల మీద, అంటే మెట్టు మీద నిలబడి తియ్యాల్సిన చోట పెట్టకూడదు. కారణాలు వేరే చెప్పక్కర్లేదు. ఒకచోట తడి, ఇంకోచోట కాలు జారడం. ఆశ్చర్యం ఏమిటంటే పడకగదిలో పెట్టొద్దని ఎన్ఈసీ అనలేదు. అక్క చూసిన ఇంట్లో అదే గోడకి అదే ప్యానెల్ క్లోజెట్‌లోకి కాకుండా అవతలి వైపు గదిలోకి తెరుచుకుని ఉంటే ఈ గొడవే లేదు.

పేరు కాదు, వాడకం

"అయితే ఆ తలుపు మీద స్టోర్ రూమ్ అని రాసేస్తే సరిపోతుందా?" అని బావ ఫోన్‌లో నవ్వుతూనే అడిగారు. ప్రశ్న మంచిదే. కోడ్ 100వ ఆర్టికల్‌లో బట్టల క్లోజెట్‌కి నిర్వచనం ఉంది: మనుషులు నివసించని, ముఖ్యంగా దుస్తులు దాచడానికి ఉద్దేశించిన గది లేదా చోటు. అంటే చూడాల్సింది తలుపు మీద పేరు కాదు, ఆ చోటు దేనికి కట్టారు, దేనికి వాడుతున్నారు అన్నది.

కాబట్టి పడకగదిలో కడ్డీ, పలక ఉన్న అర కచ్చితంగా బట్టల క్లోజెట్టే. వీధి తలుపు దగ్గర చలికోట్లు తగిలించే అర కూడా అంతే. చీపుళ్ళు, వాక్యూమ్ క్లీనర్ పెట్టుకునే అర, సామాన్ల గది, వాటర్ హీటర్ ఉండే చిన్న గది ఈ నిర్వచనంలోకి రావు. అక్కడ ప్యానెల్ పెట్టొచ్చు, మిగతా నియమాలు పాటిస్తే. మధ్యలో ఉన్నది దుప్పట్లు, తువ్వాళ్ళు పెట్టే అర. అవి దుస్తులు కావు గనక నిర్వచనంలోకి రావని ఒకరు వాదించొచ్చు. కానీ అసలు వాక్యం "సులువుగా అంటుకునే వస్తువులు" అంది. తువ్వాలు చొక్కా కంటే నెమ్మదిగా ఏమీ అంటుకోదు కదా. అలాంటి చోట ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోకపోతే ఆయన్ని తప్పుపట్టలేం.

30, 36, ఆరున్నర

బట్టల సంగతి పక్కన పెట్టినా క్లోజెట్‌లో ప్యానెల్‌కి ఇంకో గండం ఉంది. 110.26వ సెక్షన్. పని చేసే మనిషికి చోటు గురించి చెప్పేది ఇదే.

ప్యానెల్ ముందు కనీసం 30 అంగుళాల వెడల్పు ఉండాలి. ప్యానెల్ అంతకంటే వెడల్పుగా ఉంటే దాని వెడల్పంత ఉండాలి. ప్యానెల్ ముఖం నుంచి బయటికి, ఇళ్ళలో ఉండే వోల్టేజికి, కనీసం 36 అంగుళాల లోతు ఉండాలి. ఎత్తు నేల నుంచి ఆరున్నర అడుగులు. ప్యానెల్ తలుపు కనీసం 90 డిగ్రీలు తెరుచుకోవాలి. ఆ 30 అంగుళాలు ప్యానెల్‌కి సరిగ్గా మధ్యలో ఉండక్కర్లేదు, ఒక పక్కకి ఉన్నా ఫర్వాలేదు. అయితే ఆ చోటుని సామాన్లు పెట్టుకోవడానికి వాడకూడదు. "అవసరమైతే తీసేస్తాంలే" అన్నా చెల్లదు.

ఇంత చోటు ఎందుకు? ప్యానెల్‌లో కొన్ని పరీక్షలు కరెంటు ఉండగానే చెయ్యాలి. మూత తీసిన ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషికి మోచేయి ఆడాలి, మంట ఎగిస్తే ఒక అడుగు వెనక్కి వెయ్యగలగాలి. హ్యాంగర్ల మధ్య దూరి, వీపుకి తలుపు తగులుతూ ఉండగా ఆ అడుగు ఎక్కడ వేస్తాడు?

దీనికి తోడు 240.24(ఎ): బ్రేకర్లు సులువుగా అందేలా ఉండాలి. దేన్నీ ఎక్కక్కర్లేకుండా, దేన్నీ అడ్డు తియ్యక్కర్లేకుండా చెయ్యి పెట్టగలగాలి. అన్నిటికంటే పైన ఉన్న బ్రేకర్ మీట నేల నుంచి 6 అడుగుల 7 అంగుళాలు దాటకూడదు.

అక్కని టేపు పట్టుకుని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి కొలవమన్నాను. క్లోజెట్ వెడల్పు 5 అడుగులు, లోతు 2 అడుగులు. తలుపులు పక్కకి జారేవి. జారే తలుపుల్లో ఒకసారి ఒక సగమే తెరుచుకుంటుంది. 60 అంగుళాల్లో సగం 30. తలుపులు ఒకదాని మీదికి ఒకటి వచ్చే భాగం పోతే అంతకంటే తక్కువ. లోతు 24 అంగుళాల దగ్గరే తలుపు. 36 ఎక్కడిది? అంటే బట్టలన్నీ తీసేసినా ఆ చోటు పాసవ్వదు.

ఈ లెక్క అక్కకి చెప్పినప్పుడు తను ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "రాత్రిపూట పాప గదిలో కాలిన వాసన వస్తే, చీకట్లో బట్టలు లాగి, దీన్ని వెతికి, ఆపాలన్నమాట" అంది. కోడ్ పుస్తకంలో "సులువుగా అందేలా" అన్న మాటకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

పనిలో పనిగా క్లోజెట్లలో దీపాల గురించి కూడా 410.16లో ఉందని తెలిసింది. గాజుబుడ్డి బయటికి కనపడే ఫిలమెంట్ బల్బు బట్టల క్లోజెట్‌లో అసలు పెట్టకూడదు. పూర్తిగా మూసిన ఎల్ఈడీ దీపం పైకప్పుకి బిగిస్తే, దానికీ సామాన్లుండే చోటుకీ మధ్య 12 అంగుళాలు ఖాళీ ఉండాలి. ఒక బల్బుకే ఇంత లెక్క ఉన్నప్పుడు ఇంటి కరెంటంతా మోసే పెట్టెని బట్టల్లో ఎలా ఒప్పుకుంటారు?

అరవై ఏళ్ళ నుంచి ఉన్నదాన్ని ఏం చెయ్యాలి?

ఇళ్ళమ్మే ఆవిడ మాటలో కొంత నిజం ఉంది. కొత్త కోడ్ వచ్చిందని పాత ఇళ్ళన్నీ రాత్రికి రాత్రి మార్చమని సాధారణంగా ఎవరూ అడగరు. కట్టినప్పుడు అమల్లో ఉన్న నియమాల ప్రకారం ఉంటే, చాలా చోట్ల అలాగే ఉండనిస్తారు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ప్యానెల్ పాతబడి మార్చాల్సి వచ్చినప్పుడు. అప్పుడు పర్మిట్ తీసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ వస్తాడు, "కొత్తది ఇక్కడ కుదరదు" అనొచ్చు. 1968 ప్యానెల్‌కి ఆ రోజు ఎంతో దూరంలో ఉండదు. అంటే ఇది ఈ రోజు జరిమానా కాదు, ఇంటితోపాటు వచ్చే అప్పు. పైగా చట్టం ఊరుకుంటుంది గానీ ఐ స్క్వేర్ ఆర్ ఊరుకోదు.

అయితే ఇల్లు వదులుకోవాల్సినంత జబ్బు కూడా కాదు. దారులు రెండున్నాయి.

మొదటిది, క్లోజెట్‌ని క్లోజెట్ కాకుండా చెయ్యడం. కడ్డీ, పలక పీకేసి, తలుపులు తీసేసి, ఆ చోటుని ప్యానెల్‌కే వదిలెయ్యడం. గది ముందు భాగం కలిసొచ్చి 30, 36 దొరికితే చవకలో తేలిపోతుంది. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవాలి.

రెండోది, ప్యానెల్‌ని గరాజ్ గోడకో, ఇంటి బయటికో మార్చడం. ఇక్కడొక తెలివైన సంగతి తెలిసింది. ఇంట్లో వైర్లన్నీ పాత పెట్టె దాకానే వస్తాయి, కొత్త చోటుకి అందవు. అప్పుడు పాత పెట్టెలోంచి బ్రేకర్లన్నీ తీసేసి, దాన్ని ఉత్త జంక్షన్ బాక్సుగా మార్చి, అక్కడ వైర్లు అతికి కొత్త ప్యానెల్‌కి తీసుకెళతారు. 240.24(డి) నిషేధం ఓవర్‌కరెంట్ పరికరాల మీద అని చెప్పుకున్నాం కదా. బ్రేకర్లు లేని పెట్టెకి అది వర్తించదు. ఒకటే షరతు: ఆ పెట్టెకి మూత ఉండాలి, ఆ మూతని గోడ వెనక కప్పెయ్యకూడదు, తర్వాత ఎవరైనా తెరవగలగాలి.

బయట మెయిన్ ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. 2020 ఎడిషన్ నుంచి ఒకటి, రెండు కుటుంబాల ఇళ్ళకి బయటే అత్యవసర డిస్‌కనెక్ట్ ఉండాలని ఎన్ఈసీ 230.85లో చేర్చారు. ఇల్లు తగలబడుతుంటే ఫైర్ వాళ్ళు లోపలికొచ్చి ప్యానెల్ ఎక్కడుందో వెతుక్కోకుండా బయటే కరెంటు ఆపడానికి.

అక్క వాళ్ళు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించారు. ఆయన ప్యానెల్‌ని గరాజ్‌లోకి మార్చడమే మంచిదన్నాడు. ఆ అంచనా కాగితాన్ని అమ్మేవాళ్ళ ముందు పెడితే సగం ఖర్చు ధరలో తగ్గించారు. నాలుగో రోజు సాయంత్రం సంతకాలయ్యాయి. ఇల్లు కొన్నదానికంటే, "మా తమ్ముడు కొలతలు చెప్పాడు" అని బావ అక్కడ అందరికీ చెప్పారట, దానికే ఎక్కువ పొంగిపోయాను.

మరి మన దగ్గర?

పొంగు సంక్రాంతికి ఇంటికెళ్ళేదాకా ఉంది.

మా ఇంట్లో డీబీ ఎక్కడుంది? నాలుగేళ్ళ క్రితం నడవ గదిలో గోడ పొడవునా వార్డ్‌రోబ్ చేయించాం. "బోర్డు కనపడితే అందం పోతుంది, లోపలికి పోనిద్దాం" అని వడ్రంగి అంటే నాన్న సరేనన్నారు. ప్లైవుడ్ వెనక పలకకి డీబీ అంత కంత కోసి, ముందు తలుపు పెట్టారు. ఇప్పుడా అరలో అమ్మ పట్టుచీరలు, దుప్పట్లు. కరెంటు పోయి ఎంసీబీ చూడాలంటే దుప్పట్ల దొంతర దించాలి. నేను ఆ దుప్పట్లు దించి ఎంసీబీ ఎత్తినవాణ్ణే, ఒకసారి కాదు, పదిసార్లు. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. అక్క ఫోటో చూసి ఆశ్చర్యపోయిన మనిషినీ నేనే.

మన దేశంలోనూ ఒక నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఉంది. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వేసే ఎస్‌పీ 30. మొదట 1985లో, తర్వాత 2011లో, ఇప్పుడు 2023లో వచ్చింది. పేరు ఒకటే గానీ అమెరికా పుస్తకం వేరు, మనది వేరు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు రెంటినీ కలిపెయ్యకండి, నేను ఒక పూట కలిపేసి తికమకపడ్డాను. వైరింగ్‌కి మన ప్రమాణం ఐఎస్ 732. స్విచ్‌బోర్డుల్ని గ్యాస్ పొయ్యిల మీద, సింకుల మీద, స్నానాల గదుల్లో పెట్టొద్దని అందులో చెప్పారు.

ముందు ఖాళీ స్థలం గురించి కూడా మనకి నియమం ఉంది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనల్లో, 250 వోల్టులు దాటిన ఇన్‌స్టలేషన్లకి స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలి. దీనికి తాత 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్, 51వ నిబంధన. అందులో ఆ దూరం 914.4 మిల్లీమీటర్లు. వింత అంకెలా ఉంది కదా? అంగుళాల్లోకి మార్చండి. సరిగ్గా 36. మనిషి మోచేయి, వెనక్కి వేసే అడుగు ఏ దేశంలోనైనా ఒకటే మరి.

సింగిల్ ఫేజ్ 230 వోల్టుల ఇంటికి ఆ 250 దాటిన నిబంధన అక్షరాలా వర్తించదు. త్రీ ఫేజ్ ఇంటికి వర్తిస్తుంది. కానీ పట్టుచీరకి ఈ తేడా తెలియదు. ఇటుక గోడ ఉందని మనం ధైర్యంగా ఉంటాం గానీ, ఆ గోడకే ప్లైవుడ్డు, దాని మీద లామినేట్, లోపల బట్టలు పేర్చి మనంతట మనమే అమెరికా చెక్క ఇల్లు కట్టుకుంటున్నాం.

కనుమ మర్నాడు మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిచాను. మీటరు దగ్గర మెయిన్ ఆపి, డీబీ మూత తీశాం. న్యూట్రల్ లింకులో గీజర్ వైరు స్క్రూకి ఆయన డ్రైవరు పెట్టి తిప్పితే దాదాపు ఒక చుట్టు తిరిగింది. ఆ వైరు ఇన్సులేషన్ కొస గోధుమరంగుకి మారి, గోకితే పెళుసుగా రాలింది. దానికి జానెడు దూరంలో అమ్మ పెళ్ళిచీర ప్లాస్టిక్ కవర్లో ఉంది.

"అందం పోతుంది" అని నాన్న ఈసారి అనలేదు. ఆ వైరు కొస కత్తిరించి కొత్తగా బిగించారు. ఆ అర తలుపు, పలకలు తీసేశాం. డీబీ ఇప్పుడు బయటికి కనపడుతూనే ఉంది. దాని ముందు ఏమీ పెట్టొద్దని అమ్మే ఒక కాగితం అంటించింది.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీరూ ఒక టేపు పట్టుకుని చూడండి. డీబీ ముందు మూడడుగులు ఖాళీ ఉందా? చీకట్లో, ఏదీ జరపకుండా, చెయ్యి మెయిన్ మీదికి వెళుతుందా? చుట్టూ బట్టలు, కాగితాలు, అట్టపెట్టెలు ఉన్నాయా? వాడకంలో ఉన్నప్పుడు మూత మీద అరచెయ్యి పెడితే వేడి తగులుతోందా? మూత మాత్రం మీరు తియ్యొద్దు, మన డిగ్రీ దానికి లైసెన్సు కాదు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే తీయించండి. ఇంటిల్లిపాదికీ మెయిన్ ఎక్కడుందో చూపించి, ఒకసారి వాళ్ళ చేత్తోనే ఆపించండి. మా అమ్మ పాతికేళ్ళలో మొదటిసారి ఆ రోజే మెయిన్ ఆపింది.